పాతకాపు స్ట్రైకర్‌ని అవసరం లేని జట్టే కొనాలి

విజయవాడ బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ కింద టీ తాగుతూ ఫుట్‌బాల్ మీద వాదులాడుకునే కుర్రాళ్ళు ఏ ఆటగాడి పేరెత్తినా రెండే అడుగుతారు: ఎన్ని గోల్స్ కొట్టాడు, వయసెంత? ముప్పై అయిదు దాటిన స్ట్రైకర్‌కి వెల కట్టేటప్పుడు ఈ రెండూ అడగొద్దు. అంతకంటే మొండి సలహా ఇంకొకటి చెబుతాను. అతను లేకపోతే గతిలేదనుకునే జట్టు అతన్ని కొనకూడదు. అతను లేకపోయినా నెట్టుకు రాగల జట్టు మాత్రం ఎంతైనా పెట్టి తెచ్చుకోవాలి.

ఇది తలకిందుల లెక్కలా కనిపిస్తుంది. కానీ బార్తలోమ్యూ ఒగ్బెచే ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) చరిత్రంతా ఇదే చెబుతోంది. ఈ నైజీరియా స్ట్రైకర్ పదిహేడేళ్ళకే 2002 ప్రపంచ కప్‌లో ఆడాడు. మన దేశంలో కాలు పెట్టేసరికి ముప్పై నాలుగు నిండబోతున్నాయి. వరసగా నాలుగు సీజన్లు, నాలుగు జట్లు. 2018-19లో నార్త్ఈస్ట్ యునైటెడ్‌కి 12 గోల్స్, మరుసటి ఏడాది కేరళ బ్లాస్టర్స్‌కి 15, ఆ తర్వాత ముంబయి సిటీకి 8, 2021-22లో మన హైదరాబాద్ ఎఫ్‌సీకి 18.

ఇప్పుడు ఆ గోల్స్ పక్కన జట్ల ఫలితాలు రాసి చూడండి. అతను 15 కొట్టిన ఏడు కేరళ ఏడో స్థానంలో ఆగిపోయింది. 8 కొట్టిన ఏడు ముంబయి లీగ్ షీల్డూ ఎత్తింది, కప్పూ ఎత్తింది. గోల్స్‌ని బట్టి డబ్బిచ్చేవాడు కేరళ ఒగ్బెచేకి దాదాపు రెట్టింపు ఇస్తాడు. నేనైతే ఆ ఎనిమిదికే ఎక్కువిస్తాను. ముంబయిలో అతని పక్కన ఆడమ్ లె ఫోండ్రే ఉన్నాడు, భారం పంచుకున్నాడు. అందుకే సీజన్ చివరికి కూడా ఒగ్బెచే కాళ్ళలో సత్తా మిగిలింది. 2021 మార్చి 13 ఫైనల్ తొంభయ్యో నిమిషం చూడండి. స్కోరు 1-1. వెనక నుంచి పొడవాటి బంతి వచ్చింది. మోహన్ బగాన్ కీపర్ ముందుకు దూసుకొచ్చి తడబడ్డాడు, బంతి ఒగ్బెచేకి దొరికింది. తనే కొట్టేద్దామని ఆత్రపడకుండా బిపిన్ సింగ్‌కి అందించాడు. గోల్ బిపిన్ ఖాతాలో పడింది, కప్పు ముంబయికి వెళ్ళింది.

నార్త్ఈస్ట్ సంగతి దీనికి నేరుగా వ్యతిరేకం. ఆ జట్టు మొదటిసారి సెమీఫైనల్ చేరిందంటే అతని చలవే. బెంగళూరుతో మొదటి లెగ్‌లో 2-1తో గెలిచింది కూడా. కానీ అందులోనే అతనికి గాయమైంది. రెండో లెగ్‌లో అతని బదులు నిలబడేవాడు లేడు, 3-0తో ఓడి ఇంటికెళ్ళింది. ఆ వయసు కండరం ఏ రోజు పట్టేస్తుందో ఎవరూ చెప్పలేరు. అలాంటి కాలి మీద జట్టు మొత్తాన్ని నిలబెట్టడం సాహసం కాదు, లెక్క తప్పడం.

ఆటోనగర్‌లో పాత ఇంజిన్ బేరానికి వెళ్తే మెకానిక్ ముందు "ఏ బండికి?" అని అడుగుతాడు. ఎంత తిరిగిందన్నది ఆ తర్వాతి మాట. క్లబ్బులు కూడా అక్కడే మొదలుపెట్టాలి.

హైదరాబాద్ సరిగ్గా అలాగే మొదలుపెట్టింది. కోచ్ మనోలో మార్క్వెజ్ చేతిలో ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, మహమ్మద్ యాసిర్ లాంటి పరుగెత్తే కుర్రాళ్ళున్నారు. ఒగ్బెచే రాకముందే, 2020-21లో, ఆ జట్టు ఐదో స్థానం వరకూ వచ్చింది. పెనాల్టీ బాక్సులో నిలబడి పని పూర్తిచేసేవాడు కావాలి, పక్కన హవియర్ సివెరియో ఉండనే ఉన్నాడు. ఇంకోటి జనం మర్చిపోతారు: కోవిడ్ వల్ల ఆ సీజన్ అంతా గోవాలోనే జరిగింది. ముప్పై ఏడేళ్ళ మనిషికి విమాన ప్రయాణాలు తప్పడం చిన్న సాయం కాదు. గోల్డెన్ బూట్ గెలిచాడు. 2022 మార్చి 20 ఫైనల్లో మాత్రం అతని గోల్ లేదు. 88వ నిమిషంలో సాహిల్ తవోరా స్కోరు సమం చేశాడు, షూటౌట్‌లో కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. అతని గోల్ లేకుండానే గెలవగల జట్టని ఆ రాత్రే తేలిపోయింది. అలాంటి జట్టుకే అతను అంత విలువైనవాడయ్యాడు.

ప్రో కబడ్డీ చూసేవాళ్ళకి ఇది కొత్త కాదు. 2018లో రాహుల్ చౌదరిని తెలుగు టైటాన్స్ 1.29 కోట్లకి ఉంచుకుంది, కూత భారమంతా అతని మీదే వేసింది. 2022లో అతనే జైపూర్ జట్టుకి 10 లక్షలకే దొరికాడు. అక్కడ అసలు రైడర్ అర్జున్ దేశ్వాల్. ఆ ఏడాది టైటిల్ జైపూర్‌దే. టైటాన్స్ అభిమానులకి ఇది ఇప్పటికీ గుచ్చుకుంటుంది, నాకూ గుచ్చుకుంటుంది.

మీ పటమట టర్ఫ్ టీమ్‌లోకి ఒకప్పుడు యూనివర్సిటీకి ఆడిన అన్న ఎవరైనా వస్తానంటే, పాత కప్పుల ఫొటోలు చూడొద్దు. ఒక ఆట ఆడించి, అన్నని కాదు, అవతలి డిఫెండర్‌ని చూడండి. బంతి ఇంకోవైపు ఉన్నా వాడు మాటిమాటికీ మెడ తిప్పి అన్న ఎక్కడున్నాడని వెతుకుతున్నాడా? అయితే తీసుకోండి, అన్న ఒక్క గోల్ కొట్టకపోయినా సరే. డిఫెండర్ నిశ్చింతగా బంతినే చూస్తుంటే, అన్న నాలుగు గోల్స్ కొట్టినా వద్దు. మీ దగ్గర వేరే స్ట్రైకర్ లేకపోతే ముందు ఒక కుర్రాణ్ణి వెతుక్కోండి, ఆ తర్వాతే అన్న దగ్గరికి వెళ్ళండి. ఆఖరి ఇరవై నిమిషాలకే దింపుతామన్న సంగతి మాత్రం ఒప్పుకునే రోజే, నలుగురిలో కాకుండా విడిగా పిలిచి చెప్పండి.