తెల్లారేలోగా కవి కావడం ఎలా?

ముందు చదవడం మానేయండి. పక్కవాడి కవిత్వం చదివితే ప్రభావం పడుతుంది, సొంత గొంతు చెడుతుంది. మీకు తట్టిన పోలిక అరవై ఏళ్ల కిందటే ఒకాయన వాడేశాడని ఎవరైనా అంటే, ఆయనే మీ దగ్గర కొట్టేశాడని నమ్మండి.

ఛందస్సు జోలికి పోకండి. ‘శ్రీశ్రీ బద్దలు కొట్టేశాడుగా, ఇంకెందుకు?’ అంటే సరిపోతుంది. అదే శ్రీశ్రీ 1928లో ‘ప్రభవ’ పేరుతో పద్యాల పుస్తకం వేశాడన్న సంగతి ఎవరైనా ఎత్తితే, మంచినీళ్లకని లేచి వెళ్లండి. ‘మహాప్రస్థానం’ గీతాలు పైకి చదివి చూడు, మాత్రలు లెక్కగా పడుతున్నాయి కదా అని వాదించేవాళ్లూ తగులుతారు. వాళ్లకు చెవులు ఎక్కువ, అభ్యుదయం తక్కువ. బద్దలు కొట్టడానికైనా ముందు చేతిలో ఏదో ఒకటి ఉండాలనే చాదస్తం మీకొద్దు.

కాదు, పద్యమే రాస్తానంటారా? మరీ సులువు. ఉత్పలమాలకు పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం యతి, రెండో అక్షరం ప్రాస. గణాలు కుదిరాయా, కవిత్వం వచ్చేసినట్టే. ఎక్కడైనా రెండక్షరాలు తగ్గితే ‘తగన్’, ‘ఒగిన్’, ‘ఇలన్’ ఉండనే ఉన్నాయి. పూర్వులు అవి మనకోసమే దాచిపెట్టి పోయారు. (వాళ్లూ అవసరానికి వాడుకున్నారనుకోండి.)

వచన కవితకు ఆ లెక్కా అక్కర్లేదు. ‘నిన్న సాయంత్రం బస్సు ఆలస్యంగా వచ్చింది’ అనే వాక్యాన్ని అయిదు ముక్కలు చేసి ఒకదాని కింద ఒకటి పేర్చండి. చివర మూడు చుక్కలు పెట్టండి. ఆ బస్సు సమాజమా, విప్లవమా అన్నది విమర్శకులు తేల్చుకుంటారు. నానీలయితే ఇంకా తేలిక. నాలుగు పాదాలు, 20 నుంచి 25 అక్షరాలు. ఎన్.గోపి ఆ హద్దు ఎందుకు గీశారో ఆలోచిస్తూ కూర్చోకండి. చిన్నవి కదా, పూటకో పాతిక లాగించొచ్చు.

దిద్దడం మహాపాపం. కవిత ఆవేశంలో పుడుతుంది, దిద్దితే చస్తుంది. అర్ధరాత్రి రాసింది పన్నెండుంపావుకల్లా వాట్సాప్ గ్రూపులన్నిటికీ చేరాలి. తెల్లారాక చదువుకుంటే సగం కొట్టేయాలనిపించే ప్రమాదముంది.

‘మహాప్రస్థానం’ గీతాలు చాలావరకు 1930లలో రాసినవే అయినా పుస్తకం 1950లో గానీ రాలేదు. మీకు అంత ఓపిక దేనికి? ముప్ఫై కవితలు పోగవగానే అచ్చుకిచ్చేయండి. ముందుమాటలు మూడుకు తగ్గకూడదు. రాసేవారికి కవితలు పంపి ఇబ్బంది పెట్టకండి, ఫొటో పంపితే చాలు. ఆవిష్కరణ సభకు హాలు, శాలువాలు, మైకు మీవే. అందరూ మిమ్మల్ని పొగుడుతున్నప్పుడు ‘ఒక కవిత వినిపించండి’ అని ఎవరో ఒకరు అడుగుతారు. గొంతు బాలేదని చెప్పండి.