బావగారి కోట, మన దిబ్బ

మా బావగారు ఫ్రాన్సు చూసొచ్చారు. సముద్రంలో రాతిగుట్ట, దాని మీద కోటలాంటి మఠం. మోన్ సాన్ మిషెల్ అంటారట. పోటుకి చుట్టూ నీళ్ళు, పాటుకి ఇసుక.

"మన లంకలాగే కదండీ" అన్నాను. నొచ్చుకున్నారు.

విప్లవం తర్వాత ఆ మఠాన్ని జైలు చేశారు. 1863 దాకా ఖైదీలే. 1874లో చారిత్రక కట్టడమని గుర్తించి బాగుచేశారు. "అదీ శ్రద్ధంటే! మనకేం ఉన్నాయి, కొబ్బరిచెట్లు తప్ప?"

"ఆదుర్రు చూశారా?"

"అదెక్కడ?"

ఆయన పుట్టింది పాశర్లపూడిలో! 1995లో గ్యాసు బావి అంటుకుని రెండు నెలలు దాటి మండితే, ఏ రోజు గాలి ఎటు తిరిగిందో ఇప్పటికీ చెబుతారు. అప్పనపల్లి బాలబాలాజీకి ఏటా మొక్కు, ఆనక భోజనం. అదే మామిడికుదురు మండలంలో, వైనతేయ నది ఒడ్డున, ఆదుర్రులో బౌద్ధులు కట్టిన ఇటుక స్తూపం మాత్రం కంటపడలేదు. ఊళ్ళో దాన్ని దుబరాజు గుడి అంటారు. పాడుచేస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా అంటుంది చట్టం. పాడుచేయడానికైనా ముందు అక్కడికి వెళ్ళాలిగా! ఆ చట్టంతో మా బావగారికి ఏ ప్రమాదమూ లేదు.

బావగారొక్కరినే అనడం అన్యాయం. 2022 మేలో మా జిల్లాకి అంబేడ్కర్ పేరు పెడతామంటే అమలాపురంలో మంత్రిగారి ఇల్లే తగలబెట్టారు. వద్దన్నవాళ్ళూ కావాలన్నవాళ్ళూ గొంతు చించుకున్నారు. ఆ అంబేడ్కర్ 1956లో ఏ బుద్ధుడి శరణు కోరారో, ఆ బుద్ధుడి ఇటుకలు ఇదే జిల్లాలో ఉన్నాయని ఇటువాళ్ళలో ఎందరికి తెలుసు, అటువాళ్ళలో ఎందరికి?

ఇదంతా విన్న బావగారికి పౌరుషం వచ్చింది. "ఆయ్, మనమూ బాగుచేయిద్దాం. చుట్టూ గ్రానైటు, మధ్యలో ఫౌంటెన్, గేటు దగ్గర సెల్ఫీ పాయింటు, దాత పేరుతో ఓ పాలరాతి పలక."

నాకు గుండె ఝల్లుమంది. భీమిలి దారిలో తొట్లకొండ మహాస్తూపాన్ని మన కాలంలోనే తిరిగి కట్టి నిలబెట్టారు. 2019 అక్టోబరు వానలకి కూలింది. దాని అసలు పునాది మాత్రం రెండు వేల ఏళ్ళ వానలు చూసింది. ఆదుర్రు ఇంకా మిగిలి ఉందంటే, మన శ్రద్ధ దాని మీద పడకపోవడమే కారణమేమో.

అప్పనపల్లి వెళ్ళేవారు దారి మళ్ళి ఆదుర్రులో ఓ పావుగంట ఆగండి. చెప్పులు బయట విడిచినా సరే, విడవకపోయినా సరే. సిమెంటు బస్తా మాత్రం తేకండి.