ఏడు నిమిషాల ముందే శుభం: ఒక టీవీ పెట్టె ఆత్మకథ

ఆత్మకథ మొదలుపెట్టగానే మనిషికి ‘నేను’ అనే జబ్బు పట్టుకుంటుందని ఆ ఇంటి రచయిత వెక్కిరిస్తూ ఉండేవారు. ఏళ్ల తరబడి ఆ మాటలు విన్న టీవీ కాబట్టి, కథ తనదే అయినా ‘ఈ పెట్టె’ అనే చెప్పుకుంటుంది. ఎలాగూ ఇందులో సగం కథ ఆయనదే.

ఈ పెట్టె పుట్టిల్లు హైదరాబాద్ ఈసీఐఎల్. అణుశక్తి శాఖ కింద 1967లో మొదలైన ఆ సంస్థ రియాక్టర్లకు కావలసిన పరికరాలతో పాటు కంప్యూటర్లూ టీవీలూ కూడా తయారు చేసింది. కొందరు అన్నదమ్ములు అణు విద్యుత్ కేంద్రాల్లో కొలువు చేస్తుంటే, ఈ పెట్టెకి నల్లకుంటలో సినిమా పాటల చిత్రలహరి చూపించే ఉద్యోగం పడింది. చెక్క ఒళ్లు, నాలుగు కాళ్లు, ముందు జారే షట్టరు, దానికో తాళం. ఇంటి పెద్దకొడుక్కి కూడా అంత మర్యాద జరిగి ఉండదు.

హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. ఆ తరవాత ఒకటి రెండేళ్లకి రచయిత భార్య చీటీ పాడి ఈ పెట్టెని ఇంటికి తెచ్చారు. ఆయనకి సుతరామూ ఇష్టం లేదు. బందరులో నేల టిక్కెట్టు మీద పెరిగిన మనిషి. హాలు బయట అమ్మే పాటల పుస్తకాలు కొని, నోటుపుస్తకాలకి వేసినట్టు అట్టలు వేసి దాచుకున్న మనిషి. 1957లో ‘మాయాబజార్’ వచ్చినప్పుడు ఆయనకి పన్నెండేళ్లు. వారపత్రికల్లో కథలు, సీరియళ్లు, సినిమా సమీక్షలు రాసే ఆయనకి తెర అంటే గోడంత ఉండాలి.

“అగ్గిపెట్టెలో చీర పట్టించినట్టు దీంట్లో సినిమా పట్టిస్తారా?” అన్నారు.

“కట్టుకోవడానికి కాదండీ, చూడ్డానికేగా,” అందావిడ.

పోస్టాఫీసులో లైసెన్సు రుసుం కట్టారు (ఆ రోజుల్లో రేడియోకీ టీవీకీ కూడా లైసెన్సు ఉండాలి). డాబా మీద యాంటెన్నా లేచింది. కాకి వాలితే వార్తలు వణికేవి. శనివారం సాయంత్రం తెలుగు సినిమా వేళకి వీధిలో సగంమంది ముందుగదిలో ఉండేవారు. రచయిత మొదట్లో గుమ్మం దగ్గర నిలబడి, అటుగా వెళుతూ ఆగినట్టు నటించేవారు. కొన్నాళ్లకి కుర్చీ గుమ్మం దగ్గరికి వచ్చింది. తరవాత గుమ్మం దాటింది.

కుర్చీ కదలడానికి కారణం ఈ పెట్టె ఆకారమే. యాభైల్లోని తెలుగు సినిమా చట్రం ఇంచుమించు చతురస్రంగా ఉంటుంది. వెడల్పు ఎత్తుకి 1.37 రెట్లు. టీవీ తెర 4:3, అంటే 1.33 రెట్లు. ‘మల్లీశ్వరి’, ‘దేవదాసు’, ‘మిస్సమ్మ’ ఇందులో అంచులు మాత్రం కోల్పోయి చక్కగా ఇమిడిపోయేవి. పైగా ఆ సినిమాలూ నలుపు తెలుపే, ఈ పెట్టే నలుపు తెలుపే. 1974లో ‘అల్లూరి సీతారామరాజు’తో తెలుగులో సినిమాస్కోపు వచ్చాక సంగతి మారింది. అంత వెడల్పు బొమ్మని ఈ తెరకి తగ్గట్టు కోస్తే, ఎడమ చివర ఒకరు అడుగుతారు, కుడి చివర ఒకరు జవాబిస్తారు, మధ్యలో చెట్టు మాత్రమే కనిపిస్తుంది. కొత్త సినిమాలకి హాలు, పాత సినిమాలకి ఈ పెట్టె అని ఆయన పంపకాలు చేసేశారు.

‘మాయాబజార్’ వేసిన రోజు ఇంకో సంగతి బయటపడింది. ఆవిడకి సంగీతం వచ్చు. “ఘంటసాల ఇవాళ శ్రుతి పెంచారేమిటండీ?” అంది పాట మధ్యలో. ఆయన నవ్వేశారు గానీ, ఆవిడ చెవి ఆవిడని మోసం చెయ్యలేదు. సినిమాని సెకనుకి 24 ఫ్రేముల చొప్పున తీస్తారు. మన టీవీ పద్ధతిలో సెకనుకి 25 ఫ్రేములు నడవాలి. అందుకని రీలుని ఆ కాస్త వేగంగా తిప్పేస్తారు. గొంతులు రవ్వంత పైకి లేస్తాయి. మూడు గంటల సినిమాకి ఏడు నిమిషాలు ముందే ‘శుభం’ పడిపోతుంది. సంగతి తెలిశాక ఆయన తెగ సంబరపడ్డారు. సంపాదకుడు కత్తెర పెట్టకుండానే నిడివి తగ్గించే ఉపాయం ఇదొక్కటే అన్నారు.

అసలు ఈ పెట్టె ఆయనకి చేసిన మేలు ఆదివారం మధ్యాహ్నాలది. ఎనభైల్లో దూరదర్శన్ ఆ వేళకి ప్రాంతీయ భాషల అవార్డు చిత్రాలు వేసేది. మలయాళం, బెంగాలీ, అస్సామీ, ఏదైతేనేం. కింద ఇంగ్లీషు అక్షరాలు పడేవి. పాత పెట్టెల్లో బొమ్మ అంచులు చట్రం వెనక్కి పోతాయి గనక, ఒక్కోసారి ఆ అక్షరాల కింది సగం మింగేసేదీ పెట్టె. మిగతా సగం ఆయన ఊహించుకునేవారు. ‘ఒక ఊరి కథ’ కూడా ఆయన చూసింది ఇక్కడే. ప్రేమ్‌చంద్ ‘కఫన్’ కథని బెంగాలీ దర్శకుడు మృణాళ్ సేన్ 1977లో తెలుగులో తీశారు; ముసలి వెంకయ్యగా వేసింది ‘చోమన దుడి’కి జాతీయ అవార్డు అందుకున్న కన్నడ నటుడు ఎం.వి. వాసుదేవరావు. నాలుగు భాషలు కలిస్తే ఒక తెలుగు సినిమా అయింది. సొంత భాషలో సినిమాని పొరుగు భాషల సినిమాలు చూపించే వేళకి, నట్టింట్లో కూర్చుని చూడవలసి రావడం ఆయనకి మింగుడు పడలేదు. ఆ రాత్రి చాలాసేపు రాసుకున్నారు. 1986 జనవరిలో ఫిల్మోత్సవ్ సినిమా పండగ హైదరాబాద్‌కి వచ్చినప్పుడు మాత్రం మనిషి ఇంట్లో కనిపించలేదు. ఈ పెట్టె కొంచెం అసూయపడింది, దాచడమెందుకు?

సీరియళ్ల గురించి ఆయనది వేరే గొడవ. 1984లో ‘హమ్ లోగ్’ మొదలై, ప్రతి భాగం చివర అశోక్ కుమార్ వచ్చి కథ గురించి నాలుగు మాటలు చెబుతుంటే, “మన ‘సశేషం’ కొట్టేశారే!” అని తొడ చరిచారు. వారం వారం పాఠకుణ్ణి ఎక్కడ వదలాలో తెలిసినవాడికే ఆ బాధ తెలుస్తుంది. శంకర్ నాగ్ తీసిన ‘మాల్గుడి డేస్’ ఆయనకి ప్రాణం. ఆగుంబెలో ఓ వీధిని మాల్గుడి చేసి, చిన్న కథని చిన్న కథగానే ఉంచారని మురిసిపోయేవారు. ‘రామాయణ్’ వచ్చే ఆదివారం పొద్దున మాత్రం ఆ గది ఆవిడదీ ఇరుగుపొరుగుదీ. ఆయన ఖాళీ వీధిలో నడవడానికి వెళ్లేవారు. శాంతిస్వరూప్ వార్తలు చదువుతున్నప్పుడు ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. 1983 నుంచి వార్తలు చదివిన ఆయన మొదట్లో టెలిప్రాంప్టర్ కూడా లేకుండా చదివేవారు. ఆ తెలుగు వినడానికే రచయిత కలం పక్కన పెట్టేవారు.

1982 ఆసియా క్రీడల నుంచి దేశమంతా రంగుల మోజు. ఈ ఇంటికి రంగు తొంభైల్లో, కేబుల్‌తో పాటు వచ్చింది. 1995లో ఈటీవీ, జెమినీ మొదలయ్యాక ఈ పెట్టె వెనక గదికి చేరింది. నెత్తిమీద పాత వారపత్రికలు పేరుకున్నాయి. అయినా పాత సినిమా వేస్తే ఆయన ఆ దొంతర దించి దీన్నే పెట్టేవారు. కలర్ టీవీలో నలుపు తెలుపు సినిమాకి ఏ మూలో గులాబీ జీర తగులుతోందని ఆయన ఫిర్యాదు.

2010 జనవరిలో ‘మాయాబజార్’ రంగుల్లో విడుదలైంది. మనవరాలిని వెంటబెట్టుకుని హాలుకి వెళ్లారు. తిరిగొచ్చాక వెనక గదిలోనే పంచాయితీ.

“బాగుంది కదా తాతయ్యా?”

“బాగానే ఉంది. ఘటోత్కచుడి లడ్డూల రంగే తప్పింది.”

“మరి నువ్వే రంగనుకున్నావ్?”

“బందరు లడ్డు రంగు.”

“అదెలా ఉంటుంది?”

ఆయన ఆశ్చర్యపోయి, “ఏమే, దీనికి ఇంతవరకూ బందరు లడ్డు పెట్టలేదా?” అని వంటింట్లోకి కేకేశారు.