సున్నం, జాజు, సోవియట్ మైత్రి

మా భిలాయిలో చలికాలం వచ్చిందని చెట్ల మొదళ్ళు చూసి చెప్పొచ్చు. ఆకు రాలిందా, మంచు కురిసిందా అని కాదు. నడుము దాకా సున్నం, దాని మీద బెత్తెడు జాజు పట్టీ పడిందంటే ఉత్సవాల కాలం దిగినట్టే. జనవరి 26 వస్తుంది. అది వెళ్ళీ వెళ్ళకముందే ఫిబ్రవరి 2, ఫిబ్రవరి 4. ఆ చుట్టుపక్కలెక్కడో మైత్రీ బాగ్‌లో ఫ్లవర్ షో. పెద్దల కార్లు వెళ్ళే దారి పొడుగునా చెట్లన్నీ తెల్ల మేజోళ్ళు తొడుక్కుని ప్రార్థనకి నిలబడ్డ బడిపిల్లల్లా ఉంటాయి. పక్క సందులో చెట్లు మాత్రం కట్టుబట్టలతోనే ఉంటాయి. ముఖ్య అతిథి ఏ దారిన వస్తాడో రహస్యంగా ఉంచుతారట. ఎందుకో మరి! సున్నం బకెట్టు ఎక్కడ ఆగిందో చూస్తే సరిపోయె.

ఈ తారీఖుల సంగతి దూరాన ఉన్న తెలుగువాళ్ళకి చెప్పాలి. 1955 ఫిబ్రవరి 2న మన ప్రభుత్వమూ సోవియట్ యూనియనూ భిలాయిలో ఉక్కు కర్మాగారం కడదామని సంతకాలు చేసుకున్నాయి. నాలుగేళ్ళు తిరిగేసరికి, 1959 ఫిబ్రవరి 4న, రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ వచ్చి మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ని ప్రారంభించారు. తర్వాత రైలు పట్టాలు మొదలయ్యాయి. మీరు సికింద్రాబాద్‌లో రైలెక్కి విశాఖలో దిగినా, దారి పొడుగునా మీ కింద ఉన్నది చాలామటుకు మా ఊరి సరుకే. 1971 ఆగస్టు 9న రెండు దేశాలూ మైత్రీ ఒప్పందం రాసుకున్నాయి. ఆ మరుసటేడు, 1972లో, మరోదా దగ్గర ఆ మైత్రి పేరు మీదే తోట వెలిసింది. ఉక్కుతో మొదలైన స్నేహం పూలు పూయడానికి పదిహేడేళ్ళు పట్టిందన్నమాట. గవర్నమెంటు పని కదా, తొందరగా అయినట్టే లెక్క.

తోటంటే ఉత్త తోట కాదు. జూ ఉంది, చెరువు ఉంది, పడవలున్నాయి, పాటకి ఎగిరే ఫౌంటెన్ ఉంది. ఇదంతా చూసుకునేది స్టీల్ ప్లాంటే. కంపెనీ లెక్కల పుస్తకంలో ఇనప ఖనిజం, కోకింగ్ కోల్, సున్నపురాయి అని రాసి, ఆ కిందనే పులికి మాంసం, జింకకి గడ్డి అని రాస్తారు కాబోలు. సున్నపురాయి అంటే గుర్తొచ్చింది. అది మా నందిని గనుల్లోంచి వస్తుంది. నందిని రోడ్డు మేముండే క్యాంప్ 2 పక్కనుంచే పోతుంది. ఫర్నేస్‌లో సున్నపురాయి చేసే పని గొప్పది. ఖనిజంలో ఉన్న మురికిని పట్టుకుని, స్లాగ్‌గా మార్చి, బయటికి లాక్కొస్తుంది. అదే సున్నం ఉత్సవాల ముందు గోడ మీదికి ఎక్కితే పని తిరగబడుతుంది. మురికిని బయటికి తేవడం మానేసి, లోపల ఉంచి కప్పెడుతుంది. రాయి అదే. డ్యూటీ మారిందంతే.

1972కి పాతిక కలిపితే రజతోత్సవం. యాభై కలిపితే 2022, స్వర్ణోత్సవం. అరవైకి వజ్రోత్సవం. మధ్యలో 2027లో తోటకి 55 నిండుతాయి. 55కి మాత్రం పెద్దలు ఏ లోహాన్నీ కేటాయించలేదు. ఇక్కడే నాకు చిన్న మనస్తాపం. దేశానికి పట్టాలు పోసిచ్చే ఊళ్ళో వెండి పండగ చేస్తాం, బంగారు పండగ చేస్తాం, వజ్రాల పండగ కోసం కాచుకు కూచుంటాం. ఉక్కు పండగ మాత్రం లేదు. ఎవరింట్లో అయినా వెండి కంచం బీరువాలో ఉంటుంది, అన్నం తినేది స్టీలు కంచంలోనే. 55ని ఉక్కు ఉత్సవం అని ప్రకటిస్తే ఏం పోయింది? ఇవాళ బంగారం ధర చూస్తే ఆడిట్ వాళ్ళు కూడా చప్పట్లు కొడతారు.

అసలు చిక్కు లోహంతో కాదు, అతిథితో. పేరేమో మైత్రి. మైత్రికి ఇద్దరుండాలి. ఆ ఇద్దరిలో ఒకరు 1991 డిసెంబర్‌లో ప్రపంచపటం మీంచి లేచిపోయారు. ఒక కుర్చీ ఖాళీ అయిన చోట పదిహేను దేశాలొచ్చి నిలబడ్డాయి. ఆహ్వానపత్రిక ఎవరికి పంపాలి? అలనాడు ఇక్కడికి వచ్చిన ఇంజనీర్లలో రష్యా వాళ్ళున్నారు, ఉక్రెయిన్ వాళ్ళున్నారు. మా పాత కార్మికులకి అందరూ రష్యన్ సాబ్‌లే. సరిగ్గా తోటకి యాభై నిండే ఏడాది, 2022 ఫిబ్రవరిలో, ఆ సాబ్‌ల దేశాలు రెండూ యుద్ధంలోకి దిగాయి. ఈ పరిస్థితిలో వేదిక మీద కుర్చీలు ఎలా వెయ్యాలో ప్రోటోకాల్ పుస్తకంలో ఉండే అవకాశం లేదు. నా సలహా ఒకటుంది. మధ్యలో తెల్లపులి బోను పెట్టి చెరో పక్కన కూర్చోబెట్టండి. జాతీయగీతం దాకా ఎవరూ లేవరు. స్వాగతోపన్యాసం మటుకు కొత్తది రాయక్కర్లేదు. మన రెండు దేశాల చిరకాల మైత్రి అన్న చోట రెండో దేశం పేరు మింగేస్తే, 1972 నాటి కాగితం ఇంకో యాభై ఏళ్ళు పనికొస్తుంది.

నిజానికి తోటకి పేరు తెచ్చింది మైత్రి కాదు, ఈ తెల్లపులే. ఒడిశా నందన్‌కానన్ నుంచి వచ్చిన పులుల సంతానం ఇక్కడ పెరిగింది. ఇక్కణ్నుంచి వేరే జూలకీ వెళ్ళింది. మూలకథకి వెళ్తే, 1951లో రేవా మహారాజు మార్తాండ్ సింగ్ అడవిలో ఒక తెల్లపులి పిల్లని పట్టి మోహన్ అని పేరు పెట్టాడు. ఆ రేవా వైపున ముకుంద్‌పూర్‌లో తెల్లపులుల సఫారీ పెడితే దానికీ భిలాయి పులి వెళ్ళింది. తెల్లపులికి పుట్టిల్లు అని చెప్పుకునే చోటికే మేం పులిని సారె పంపామన్నమాట. అయితే ఆ తెలుపు వెనక ఒక కథ ఉంది, బోర్డు మీద రాయరు. ఆ రంగు రావాలంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ ఆ జన్యువే రావాలి. అందుకని బోన్లలో దగ్గర రక్తాన్నే జతకట్టారు. మోహన్‌కి తన సొంత కూతురినే జోడీ చేస్తే 1958లో తెల్ల పిల్లలు పుట్టాయి. మా ఉత్తరాంధ్ర వాళ్ళకి మేనరికం వద్దని డాక్టర్లు చెప్పి చెప్పి అలిసిపోయారు. అదే పని ఇంకా గట్టిగా చేస్తే టిక్కెట్టు కొనుక్కుని చూస్తాం, ఫోటో తీసుకుంటాం. రంగు పోతుందని బయటి సంబంధం చూడకపోవడం పులుల్లోనే ఉందనుకోకండి. ఎన్నికల ముందు సీట్లు పంచే రోజున ఏ పార్టీ ఆఫీసు దగ్గరైనా కాసేపు నిలబడండి.

మొన్న రోడ్డు పక్కన చెట్టుకి సున్నం కొడుతూ మా వీధి మేస్త్రి మావ కనిపించాడు. ఠేకా మీద పని. టెక్కలి దగ్గర ఊరు. పుట్టింది ఇక్కడే, యాస మాత్రం అక్కడిదే.

"మావా, ఎన్నేళ్ళబట్టి ఈ పని?"

"లెక్కెట్టనేదు బావూ. సెట్టు ఏడాదికేడాది లావవతంది, సున్నం ఎక్కువ పడతంది. అదే లెక్క."

"తోటకి 55 ఏళ్ళొస్తున్నాయట."

"ఒస్తాయి, ఎందుకు రావు? అది సరేగాని, మన క్యాంప్‌కి ఎన్నొచ్చినాయి?"

బకెట్టులో బ్రష్షు ముంచి నా మొహంకేసి చూశాడు. కాలమ్ రాసేవాడికి ఇలాంటివి తెలుస్తాయని కొంతమంది అపోహ.

ప్లాంటు కట్టేటప్పుడు కూలీలకని వేసినవి ఈ క్యాంపులు. పునాదులు తవ్వడానికి, కాంక్రీటు మొయ్యడానికి మనుషులు కావాలి. వాళ్ళు రాత్రిపూట ఎక్కడో పడుకోవాలి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి మావాళ్ళు మూటాముల్లె కట్టుకుని రైలెక్కి వచ్చేశారు. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని 1966లో అక్కడ వీధులు దద్దరిల్లుతుంటే, ఆ హక్కు కోసం ఆగలేనివాళ్ళు అప్పటికే ఇక్కడ వేరే రాష్ట్రంలో ఉక్కు పోస్తున్నారు. ఒడియా వాళ్ళు, బిహారీలు, బెంగాలీలు, మలయాళీలు, పంజాబీలు, ఛత్తీస్‌గఢీ వాళ్ళు సరేసరి. అందుకే భిలాయిని మినీ ఇండియా అని మురిసిపోతారు. ఒప్పుకోవాల్సిందే. ఇండియాలో ఉన్నవన్నీ ఉన్నాయి. రైలు పట్టాలకి అటు ప్లాంటు క్వార్టర్ల సెక్టర్లు, ఇటు క్యాంపులు. ఆ పక్క రోడ్డుకి నీడ, ఈ పక్క రోడ్డుకి దుకాణం. నాలుగు నెలల పనికని వేసిన క్యాంప్ మూడు తరాలు దాటింది. ఇంకా క్యాంపే. సెక్టర్ అని ప్రమోషన్ రాలేదు.

తోట మాకన్నా చిన్నది. ఇది లెక్కకి అందే విషయమే. 1959కి ఫర్నేస్ మండిందంటే దానికి ముందే కూలీలుండాలి, కూలీలుంటే క్యాంపుండాలి. కాబట్టి 1972లో తోట కళ్ళు తెరిచేసరికి క్యాంప్ 2లో పిల్లలు బడికి వెళ్తున్నారు. వయసులో పెద్దవాళ్ళం. కానీ శంకుస్థాపన ఫలకం లేదు, రిబ్బను కత్తిరించిన కత్తెర లేదు, ఫోటో లేదు. మా వీధిలో ముసలాళ్ళని అడిగాను. ఒకాయన మా నాన్న వచ్చిన ఏడాదే అన్నాడు. ఒకామె నా పెళ్ళికి ముందే అంది. ఇంకొకాయన ఆ ఏడాది వరద వచ్చిందన్నాడు, ఏ నదికో చెప్పలేదు. ఈ లెక్కన జరపాలంటే ఏడాది పొడుగునా జరపాలి.

పుట్టిన తారీఖు లేకపోయినా మా పక్కకి వేరే తారీఖులున్నాయి. 1991 సెప్టెంబర్ 28. కార్మిక నాయకుడు శంకర్ గుహా నియోగిని ఇదే భిలాయిలో, నిద్రలో ఉండగా కాల్చేశారు. 1992 జూలై 1. పవర్ హౌస్ స్టేషన్ దగ్గర పట్టాల మీద కూర్చున్న కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఆ పట్టాలూ మేం పోసినవే. జూలై 1న జనం వస్తారు, జెండాలు పట్టుకుంటారు, పేర్లు చదువుతారు. వర్షాకాలం కాబట్టి చెట్లకి సున్నం వెయ్యరు. వేసినా నిలవదు.

సరే, మళ్ళీ పూల దగ్గరికి. ఫ్లవర్ షో అంటే డాలియాలు, గులాబీలు, పిల్లాడి తలకాయంత చామంతులు. చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు, అందులో వెటకారమేమీ లేదు. బెంగుళూరు లాల్‌బాగ్‌లో ఏడాదికి రెండుసార్లు, గణతంత్ర దినానికీ స్వాతంత్ర్య దినానికీ, పూల ప్రదర్శన పెడితే జనం ఎగబడతారు. ఉక్కు ఊరికి ఒక్కసారైనా ఉండటం మంచిదే. నేననేది, బహుమతుల్లో ఇంకో విభాగం కలపండి అని. డబ్బా విభాగం. మా క్యాంప్ 2లో ఏ గుమ్మం ముందు చూసినా పగిలిన బకెట్లో కనకాంబరం, పెయింటు డబ్బాలో తులసి, నూనె డబ్బాలో మల్లె, కారిపోయే కడవలో కరివేపాకు. మట్టి ఎక్కడిదని అడక్కండి. ఎరువు ఏమిటని అసలే అడక్కండి. సెక్టర్ బంగళాలో డాలియాకి మాలీ ఉంటాడు. ఇక్కడ మల్లెకి నైట్ షిఫ్ట్ దిగి వచ్చిన మనిషి పళ్ళు తోముకుంటూ పోసే చెంబుడు నీళ్ళుంటాయి, అవీ ఆ పూట కుళాయి వస్తే. న్యాయనిర్ణేతలకి ఒక్కటే ఇబ్బంది. మార్కులు వెయ్యబోయేసరికి పువ్వుండదు. పొద్దున్నే ఎవరి జడలోకో వెళ్ళిపోయి ఉంటుంది.

కమిటీ వారు ఈ విభాగానికి ఒప్పుకోకపోతే మేమే వేరే పెట్టుకుంటాం. క్యాంప్ 2 వార్షికోత్సవం, ఎన్నోదో రాయకుండా చుక్కలు పెట్టి వదిలేస్తాం. ముఖ్య అతిథిగా మేస్త్రి మావ. జ్యోతి వెలిగించడం లేదు, నూనె దండగ. రిబ్బను లేదు. ఉపన్యాసాలకి రెండు నిమిషాలు, హిందీలో ఒకటి, తెలుగులో ఒకటి. చెట్లకి సున్నం మాత్రం తప్పదు, అది ఆయన పట్టుదల. మా వీధిలో ఉన్నది ఒకే చెట్టు కాబట్టి ఖర్చు పెద్దది కాదు.

ఇక తారీఖే తేలాలి. ఎవరింట్లోనైనా తాతగారి గేట్ పాసో, మొదటి రేషన్ కార్డో ట్రంకు పెట్టె అడుగున ఉంటే తీసి, దాని మీద ఉన్నదేదో చెప్పండి. ఏ రోజైనా పర్వాలేదు. ఆదివారం మాత్రం వద్దు. ఆదివారం క్యాంప్‌లో ఎవరూ ఉండరు, పులిహోర మూట కట్టుకుని అందరం మైత్రీ బాగ్‌లో ఉంటాం.