మొదటిదే బాగుంది

సెకండ్ షో వదిలే వేళకి విజయవాడ గాంధీనగర్‌లో ఏ సినిమాహాలు స్కూటర్ స్టాండు దగ్గరైనా ఓ అయిదు నిమిషాలు నిలబడండి. ఆయన కనబడి తీరతాడు. చేతిలో స్టాండు టోకెను, చంకలో హెల్మెట్టు, ముఖంలో పెళ్లిభోజనానికి ఆఖరి పంక్తిలో కూర్చున్నవాడి విచారం. టోకెన్ల కుర్రాడు మర్యాదకి అడుగుతాడు, “ఎలా ఉంది బాబాయ్?” అని. ఆయన వెంటనే చెప్పడు. తాళం పెడతాడు. సీటు మీద దుమ్ము చేత్తో దులుపుతాడు. వెనక నలుగురు హారన్లు కొడుతుంటే, నాలుక పళ్లకి ఆనించి ఓ చిన్న శబ్దం చేస్తాడు.

“ప్చ్. మొదటిదే బాగుంది.”

ఆయన పేరు మనకక్కర్లేదు. టీకొట్టు దగ్గర అందరూ ‘ఫస్ట్‌పార్ట్ బాబాయ్’ అంటారు, అనేవాళ్లలో ఆయనకంటే వయసులో పెద్దవాళ్లు కూడా ఉన్నారు. వన్‌టౌన్‌లో స్టీలు సామాన్ల కొట్టు, యాభై దాటి మూడేళ్లు, వారానికో సినిమా. పత్రికలకి రాయడు, యూట్యూబులో మాట్లాడడు, ఫ్రీ పాసులు ఎవరూ ఇవ్వరు. టిక్కెట్టు కొన్నాను కాబట్టి చెప్పే హక్కుందంటాడు, కాదనేవాళ్లెవరు? వెబ్‌సైట్లవాళ్లు అయిదుకి 2.75 ఇస్తే దాన్ని ‘పావుతక్కువ మూడు’ అని చదువుకుని, ఆ పావు ఎక్కడ కోశారా అని కాటా ముందు కూర్చున్నట్టే ఆలోచిస్తాడు. మామూలు సినిమా అయితే అలా తూకం వేస్తాడు గానీ, సీక్వెల్‌ని మాత్రం వేలితో కొట్టి మోత వింటాడు. పాత మోత రాలేదా, ఎక్కడో సొట్ట ఉన్నట్టే.

ఈ జబ్బు ఆయనకి 1993లో అంటుకుంది. అప్పుడు డిగ్రీ చివరేడు. రామ్‌గోపాల్ వర్మ నిర్మించి, శివనాగేశ్వరరావు దర్శకత్వం వహించిన ‘మనీ’ చూసొచ్చి వారం రోజులు హాస్టల్ వరండాలో ఖాన్‌దాదాలా నడిచాడు. అది బ్రహ్మానందానికే చెల్లిన నడక. వీళ్లకి రాదు, రాదన్న సంగతీ వీళ్లకి తెలీదు. తర్వాత అదే దర్శకుడు ‘మనీ మనీ’ తీశాడు. ఖాన్‌దాదా ఉన్నాడు, నవ్వూ వచ్చింది. అయినా హాలు బయటికొచ్చాక జీవితంలో మొట్టమొదటిసారి ఆ శబ్దం ఆయన నోటివెంట వచ్చింది. 2011లో మొదటి సినిమా హీరోల్లో ఒకడైన జేడీ చక్రవర్తి తనే దర్శకుడై ‘మనీ మనీ మోర్ మనీ’ తీస్తే, దానికి ప్చ్ కూడా రాలేదు. టోకెను ఇచ్చేసి తిన్నగా ఇంటికి వెళ్లిపోయాడు. బాబాయ్ మౌనంగా హాలు దాటిన సీక్వెల్ అదొక్కటేనని టీకొట్టులో చెప్పుకుంటారు.

సినిమాలకి వరసలు కలపడంలో పెళ్లిళ్ల పేరయ్య కూడా ఆయన ముందు దిగదుడుపే. అలాంటివాడికీ ‘చంద్రముఖి’ దగ్గర తల తిరుగుతుంది. 2005లో రజనీకాంత్, జ్యోతిక. 2010లో వెంకటేశ్ ‘నాగవల్లి’. దానికి మాతృక కన్నడంలో విష్ణువర్ధన్ చేసిన ‘ఆప్తరక్షక’; అది అక్కడి ‘ఆప్తమిత్ర’కి రెండోభాగం; ఆప్తమిత్రకి మూలం 1993 నాటి మలయాళ చిత్రం ‘మణిచిత్రతాళు’. హమ్మయ్య, అయిపోయిందనుకుంటే 2023లో లారెన్స్‌తో ‘చంద్రముఖి 2’ దిగింది. ఒక్క మొదటిభాగానికి మనవాళ్లు చూసిన రెండోభాగాలు రెండన్నమాట. మలయాళం తప్పించి అన్నిటికీ దర్శకుడు పి. వాసే. “ఆ దెయ్యానికి విసుగు లేదురా, ఆయనకీ లేదు. నాకే వచ్చింది,” అని బాబాయ్ టీగ్లాసు బల్లమీద పెట్టేశాడు.

పేరు మాత్రమే కలిసే సినిమాలంటే ఆయనకి మరీ మంట. 2002 ‘మన్మథుడు’కీ 2019 ‘మన్మథుడు 2’కీ మధ్య నాగార్జున ఉన్నాడు, టైటిల్ ఉంది, కథాసంబంధం లేదు, రెండోది ఓ ఫ్రెంచి సినిమాకి రీమేక్. “ఇంటిపేరు కలిస్తే చుట్టాలైపోతారా?” అన్నది ఆయన ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. ‘కిక్ 2’ని మాత్రం ఒక్కమాటలో తేల్చేశాడు. 2009లో వచ్చిన మొదటిదాంట్లో రవితేజ కిక్ కోసం వెంపర్లాడతాడు, 2015లో వచ్చిన రెండోదాంట్లో కొడుకు కంఫర్ట్ కావాలంటాడు. “ముందు కిక్కు, తర్వాత కంఫర్టు. ఇదేం సీక్వెల్రా, సంసారం.” ‘ఇస్మార్ట్ శంకర్’లో హీరో బుర్రలోకి వేరేవాడి జ్ఞాపకాలు ఎక్కిస్తారు, అయిదేళ్లకి ‘డబుల్ ఇస్మార్ట్’లో మళ్లీ ఎక్కించారు. అది చూశాక బాబాయ్ కోరిక: ఆ చిప్పేదో తనకీ పెడితే, మొదటిది మర్చిపోయి రెండోది హాయిగా చూద్దును కదా అని.

ఇవన్నీ ఒక ఎత్తు, ‘భారతీయుడు 2’ ఒక ఎత్తు.

1996లో ‘భారతీయుడు’ వచ్చినప్పుడు ఆయనకి ఇరవై నాలుగేళ్లు. కమల్‌హాసన్ సేనాపతి వేషంలో వేళ్లు మడిచి మర్మకళ పట్టు పడుతుంటే, హాల్లో అందరితోపాటు తనూ కుర్చీ చేతిమీద వేళ్లు మడిచాడు. బయటికొచ్చాక ఇహ జన్మలో ఎవరికీ లంచం ఇవ్వనని ముగ్గురు స్నేహితుల ముందు ఒట్టేశాడు. ఆ ఒట్టు నాలుగు నెలలు నిలిచింది. తర్వాత కొట్టుకి లైసెన్సు పని పడింది, ఆ సంగతి ఆయన ఎక్కువ చెప్పడు. చెప్పేదల్లా 2024 జూలై 12 గురించే. ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత సేనాపతి తిరిగొస్తున్నాడని మొదటిరోజే వెళ్లాడు, ఇంటావిణ్ని కూడా తీసుకెళ్లాడు. తొలిసగంలోనే సెల్‌ఫోను తీసి క్యాలిక్యులేటర్ తెరిచాడు. సేనాపతి సుభాష్ చంద్రబోస్ సైన్యంలో పనిచేసినవాడు, మొదటి సినిమాకే తాతగారు. ఇప్పుడు నిండా వందేళ్లు దాటాలి. “వందేళ్లవాడు ఆ దూకుడేంటే? నేను అటకమీంచి బిందె దించితే మూడురోజులు నడుం పట్టేస్తోంది.” ఆవిడ తెరమీంచి చూపు తిప్పకుండా, “ఆయన బిందెలు అమ్మడు కదండీ,” అంది.

సినిమా నిడివి మూడు గంటలు. విడుదలైన కొద్దిరోజులకి పన్నెండు నిమిషాలు కోసేశారు. పేపర్లో ఆ వార్త చూసి బాబాయ్ గిలగిల్లాడిపోయాడు. కోసేయాల్సినంత పనికిమాలిన పన్నెండు నిమిషాలు తన చేత చూపించి, దానికీ డబ్బు తీసుకున్నారని ఆయన బాధ. టీకొట్టులో రెండురోజులు ఇదే పంచాయితీ. ఇంటికెళ్లి ఆవిడ దగ్గరా ఎత్తుకుంటే, ఆవిడ కందిపప్పు చెరుగుతూ, “ఏవండీ, ఇంటర్వెల్ తర్వాత మీరు అరగంట గురకపెట్టారు. కోసింది అందులోదే అయ్యుంటుంది, పోనిద్దురూ,” అంది. ఆ దెబ్బకి ‘భారతీయుడు 2’ కేసు మూతపడింది. చివర్లో ‘భారతీయుడు 3’ ట్రైలర్ వేశారన్న సంగతి ఆయనకి మర్నాడు కొట్టులో కుర్రాడు చెబితే తెలిసింది.

ఆయన పక్షాన కూడా ఒకమాట చెప్పాలి. మొదటిది బాగుందనడంలో అబద్ధం లేదు. కాకపోతే ఆ మొదటిది ఆయన ఎలా చూశాడన్నదే తమాషా. ‘మన్మథుడు’ని 2002లో హాల్లో మొదట్నించీ చివరిదాకా ఒక్కసారి చూశాడు. ఆ తర్వాత అంతా టీవీలోనే, ముప్ఫైసార్లకి తక్కువుండదు. బ్రహ్మానందం లవంగం వేషంలో కనబడగానే చొక్కా విప్పి కుర్చీలో కూర్చుంటాడు. సెంటిమెంటు మొదలుకాగానే అన్నానికి లేస్తాడు. పాట వస్తే వార్తలకి మారుస్తాడు. త్రివిక్రమ్ మాట ఏదైనా వినబడితే కంచం పట్టుకుని మళ్లీ వస్తాడు. ఇరవయ్యేళ్లలో ఆ సినిమా ఆయన బుర్రలో అచ్చంగా నలభై నిమిషాలకి ఎడిట్ అయిపోయింది, అందులో పొల్లుమాట లేదు. రెండోభాగాన్ని మాత్రం చీకట్లో, రిమోట్ లేకుండా, ఆసాంతం చూడాలి. ఏ దర్శకుడైనా ఈ పోటీలో గెలుస్తాడా? టీవీ రాకముందు మొదటిభాగాలు కూడా ఇంత గొప్పగా ఉండేవి కావేమో.

ఇక తీర్పు సంగతి. బాబాయ్ తీర్పు హాల్లో పుట్టదు, డల్లాస్‌లో పుడుతుంది. అక్కకొడుకు అక్కడే ఉంటాడు. అమెరికాలో ప్రీమియర్లు ముందురోజు సాయంత్రమే వేసేస్తారు కాబట్టి, ఇక్కడ పొద్దున్నే కాఫీ పొంగేవేళకి వాట్సాప్ మోగుతుంది. “మావయ్యా, ఫస్టాఫ్ ఓకే. సెకండాఫ్ ల్యాగ్. బీజీఎం బాగుంది.” ఇంతే. ఆ పదారణాల తీర్పు జేబులో పెట్టుకుని ఈయన మ్యాట్నీకి వెళతాడు. ఫస్టాఫ్‌లో బాగోని సీనొస్తే ‘పర్లేదు, ఫస్టాఫ్ ఓకే కదా’ అనుకుంటాడు, సెకండాఫ్‌లో మంచి సీనొస్తే ‘అయినా ల్యాగే’ అంటాడు. ఒకసారి మేనల్లుడికి నైట్ డ్యూటీ పడి మెసేజ్ రాలేదు. ఆరోజు బాబాయ్ సినిమా చూసొచ్చి సాయంత్రందాకా నోరు విప్పలేదు.

రెండోభాగం మొదటిదాన్ని మించిపోతే ఆయన పాట్లు చూడాలి. ‘బాహుబలి’ ఎత్తారా, అది సీక్వెల్ కాదంటాడు. కట్టప్ప ఎందుకు చంపాడో చెప్పకుండా 2015లో సగం కథ ఆపి, మిగతా సగం 2017లో చూపించారంటాడు. పాయింటే. ‘కార్తికేయ 2’ ఉత్తరాదిన కూడా ఆడిందంటే, “అది కృష్ణుడి మహిమ.” 2024లో ‘టిల్లు స్క్వేర్’కి జనం పొట్టచెక్కలయ్యేలా నవ్వుతుంటే మాత్రం ఇరుకునపడ్డాడు, ఎందుకంటే పక్కసీటువాడి భుజంమీద చరిచి నవ్వినవాళ్లలో తనూ ఉన్నాడు. చివరికి, “సినిమా ఎక్కడుందిరా, ఆ కుర్రాడి మాటలే కదా,” అని బయటపడ్డాడు. మాటలు రాసినవాళ్లలో హీరో సిద్ధు జొన్నలగడ్డ కూడా ఉన్నాడు కాబట్టి ఆ వాదన అంతో ఇంతో నిలబడింది.

డబ్బు దగ్గర కూడా ఆయనవన్నీ ధర్మపన్నాలే. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పల్లెటూరి నాన్ ఏసీ హాళ్లలో కింది క్లాసు టిక్కెట్టు 5 రూపాయలని జీవో ఇచ్చినప్పుడు, అయిదుకి టీ కూడా రాదని నిర్మాతల మీద జాలిపడ్డాడు. అదే రాష్ట్రంలో 2024 డిసెంబరు 4 రాత్రి ‘పుష్ప 2’ ప్రీమియర్‌కి 800, పైన జీఎస్టీ అనేసరికి, ఆ డబ్బుతో మంచి స్టీలు క్యారేజీ వస్తుంది, నా ప్రాణం పోయినా వెళ్లనన్నాడు. తొమ్మిదిన్నర షోకి రెండో వరసలో కూర్చుని ఉండగా టీకొట్టు కుర్రాడే పట్టుకున్నాడు. మూడు గంటల ఇరవై నిమిషాల సినిమా. జనవరిలో మరో ఇరవై నిమిషాలు కలిపారని తెలిసి మళ్లీ వెళ్లాడు. ‘భారతీయుడు 2’లో పోయినవి పన్నెండు, ‘పుష్ప 2’లో వచ్చినవి ఇరవై, సీక్వెళ్ల ఖాతాలో తనకింకా ఎనిమిది నిమిషాలు మిగులున్నట్టు కొట్టు లెక్కల్లాగే చెప్పాడు.

ఎంత తిట్టినా మొదటిరోజు మానడు. ఆ సంగతి గాంధీనగర్‌లో డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులకి ఆయనకంటే బాగా తెలుసు. కొత్త కథకి ఆయన్ని రప్పించాలంటే టాక్ రావాలి, పాట పట్టాలి, ఎవరో బాగుందనాలి. సీక్వెల్‌కి పేరు పక్కన ‘2’ వేస్తే చాలు, ప్చ్ అనడానికైనా వచ్చేస్తాడు. ప్చ్ అన్నవాడి టిక్కెట్టు కూడా కలెక్షన్‌లోనే పడుతుంది కదా.

2025 ఏప్రిల్‌లో ‘ఆర్య 2’ మళ్లీ విడుదల చేశారు. సుకుమార్ మొదటి సినిమా ‘ఆర్య’ వచ్చింది 2004లో. ‘ఆర్య 2’ 2009 నవంబరులో. కథ వేరు, హీరో పేరు మాత్రం అదే. 2009లో ఇదే పేటలో, ఇలాంటి స్టాండులోనే బాబాయ్ ఇచ్చిన తీర్పు వేరే చెప్పక్కర్లేదు. ఈసారి హాలంతా ఇరవయ్యేళ్ల కుర్రాళ్లు, కాగితం ముక్కల వాన. పాటలకి సీట్లమీదెక్కి ఎగిరారు. బాబాయ్ సీటెక్కలేదు, నడుం సహకరించలేదు. కానీ చొక్కా కాలర్లోనూ చెవుల వెనకా రంగు కాగితాలతో, గొంతు పోగొట్టుకుని బయటికొచ్చాడు.

“ఎలా ఉంది బాబాయ్?” అన్నాడు టోకెన్ల కుర్రాడు.

“ఇలాంటి బొమ్మ ఇప్పుడెవడు తీస్తున్నాడ్రా! అసలు ఆ బన్నీ, ఆ ఎనర్జీ...” అంటూ ఎత్తుకున్నాడు. కుర్రాడు ఇంతప్పటినుంచీ సినిమాలు చూస్తున్నాడు గానీ ‘ఆర్య’ చూడలేదు. అమాయకంగానే అడిగాడు. “అయితే బాబాయ్, మొదటిది దీనికంటే బాగుంటుందా?”

బాబాయ్ నాలుక పళ్లదాకా వెళ్లి ఆగింది. హెల్మెట్టు సగం తలకి పెట్టుకుని, జేబులన్నీ తడుముకోవడం మొదలెట్టాడు.

“టోకెను... ఇక్కడే పెట్టానురా,” అన్నాడు. టోకెను ఎడమచేతిలోనే ఉంది.