కొండచెంత నిల్లు: సటీకా తాత్పర్యము

అవతారిక

ఈ పద్యకర్త నామధేయము తెలియరాదని వ్రాయుట వ్యాఖ్యాతల కాచారము. ఇచ్చట మాత్రము తెలిసియు జెప్పరాదని సవరించుకొనవలసి వచ్చినది. ఏలయన నతడు నా మేనల్లుడు, గచ్చిబౌలిలో నొక సాఫ్టువేరు కంపెనీయందు ఉద్యోగి, మూడు వారములుగా హైదరాబాదు పడమటి దిక్కున అద్దెయిల్లు వెదకుచు నన్ను వెంట ద్రిప్పుకొనుచున్నవాడు. లోకమున నిల్లు వెదకువారు కచేరీకి దగ్గరా, పిల్లల బడికి దగ్గరా, కూరగాయల బజారుకు దగ్గరా, మంజీర నీళ్ళు వచ్చునా యని నాలుగు ప్రశ్నలు వేయుదురు. ఇతడీ నాలుగింటిని విడిచి, లోకులెవ్వరు నడుగని యైదవ ప్రశ్నను బట్టుకొన్నాడు. ముందుచక్రమునకు షాకబ్జార్బర్లును, వ్రేలెడు దళసరి పళ్ళటైర్లును గల మౌంటెన్ బైకు నొకదానిని సంపాదించి, దానికి తగిన మట్టిబాట ప్రక్కన గాపురముండవలెనని సంకల్పించెను. దాని వెల అడిగితిని, చెప్పెను, మరల నడుగలేదు. బ్రోకరుకు పంపదలచిన కోరికల పట్టీని నాకు వెక్కిరింతగా పద్యము చేసి కిరాణా బిల్లు వెనుక వ్రాసి యిచ్చెను గాన, ముప్పది రెండేండ్లు బడిలో తెలుగు చెప్పినవాడను, వ్యాఖ్యానింపక విడుచుటకు మనసొప్పలేదు.

మూలము

కొండచెంత నిల్లు కోరువాఁ డెవఁడైన
మట్టిబాటవఱకు మైళ్ళు గొలుచు
లిఫ్టులోనఁ బట్టు లెక్కయుఁ జూచుచు
బురద చక్రములకుఁ బుణ్య మనుచు

ప్రతిపదార్థము

కొండచెంతన్ = గుట్టకు సమీపమున; ఇల్లు = రెండు పడకగదులును, రెండు నెలల అడ్వాన్సును గల అద్దెకొంపను; కోరువాఁడు ఎవఁడైనన్ = వాంఛించువాడు ఎంతటి జీతగాడైనను; మట్టిబాటవఱకున్ = తారు ముగిసి నేల మొదలగు తావు దాకా; మైళ్ళు = దూరమును; కొలుచున్ = లెక్కించును (రెండవ యర్థము టీకలో తెలియగలదు); లిఫ్టులోనన్ = మేడకు మోయు పెట్టెయందు; పట్టు లెక్కయున్ = సైకిలు ఇముడునో ఇమడదో యను గణితమును సైతము; చూచుచున్ = పరీక్షించుచు; బురద = తడిమన్ను; చక్రములకున్ = సైకిలు చక్రములకు; పుణ్యము అనుచున్ = సుకృతమని, ఓనరు వినకుండ, పలుకుచు.

టీక

కొండ. ఈ శబ్దముతోనే చిక్కు మొదలు. బ్రోకరుకు "కొండ దగ్గర ఇల్లు" అని చెప్పితిమి. అతడు మమ్ము తిన్నగా కొండాపూరు తీసికొనిపోయి, ఒక ఫ్లైఓవరును చూపించి, "ఏరియా పేరులోనే ఉంది కదండీ" యనెను. నామమునందున్నది నేలమీద నుండవలెనన్న నియమమీ నగరమున లేదు. బంజారా హిల్స్, జూబిలీ హిల్స్ అను రెండింట హిల్సు పేరున మిగిలినది గేరు మార్చవలసిన తారెత్తు మాత్రమే. గుట్టల బేగంపేటలో గుట్టలకంటె అద్దాల మేడలు ఘనముగా నున్నవి. విశాఖవారికి సింహాచలము కొండయు, తిరుపతివారికి శేషాచలమును గలవు. దక్కను పీఠభూమిమీద, సముద్రమట్టమునకు రమారమి 540 మీటర్ల యెత్తున నున్న హైదరాబాదుకు గలవి కొండలు గావు, గుట్టలు. అయినను వానిని తక్కువ చేయరాదు. ఆ నల్లసేనపురాళ్ళ వయస్సు దాదాపు 250 కోట్ల సంవత్సరములు. మేనల్లుని సైకిలునకు గావలసినదియు ఎత్తు గాదట. బండల నడుమ మెలికలు తిరుగుచు, అడుగడుగున నెక్కుచు దిగుచు నుండు సన్నబాటయట. అట్టిది ఖాజాగూడ గుట్టలయందు గలదు. గండిపేట చుట్టుప్రక్కల గలదు. సెలవునాడు పోదగినది, మూసీనది పుట్టినచోటగు వికారాబాదు అనంతగిరిలో గలదు. కాబట్టి కొండ యనగా నిచ్చట గుట్ట యనియే గ్రహింపవలెను. ఇది లక్షణార్థము, బ్రోకరుకు తెలియదు.

చెంత. కొన్ని ప్రతులలో "కొండచింత" అను పాఠము కనబడుచున్నది. ప్రతులనగా మేనల్లుడు తొందరలో నాకు వాట్సాపున పంపినది యొక్కటియే. చింతవలన నిల్లు కోరువాడని దాని కర్థము చెప్పవచ్చును, గణములు చెడవు. కాని లేఖకదోషమని దానిని త్రోసివైచితిని.

మట్టిబాట. ఇచ్చట పూర్వపక్షి యిట్లనును: "అవుటర్ రింగు రోడ్డు ప్రక్కన 23 కిలోమీటర్ల సైకిలు దారిని, ఎండ తగులకుండ సౌరఫలకముల కప్పుతో, 2023 అక్టోబరులో తెరచిరి గదా, నానక్‌రామ్‌గూడలోనో నార్సింగిలోనో యిల్లు తీసికొన్నచో సైకిలుగానికి వైకుంఠము వాకిటనే యుండగా, ఈ మట్టి గొడవ యేల?" దీనికి సమాధానము: ఆ దారి మహోపకారమే, సన్నచక్రముల వారికి. పళ్ళటైరు గలవానికి చదునైన గట్టిదారి ప్రతివాది లేని సభ వంటిది. టైరు ర్ర్ర్ర్‌మని మూలుగుచు అరుగును, కాళ్ళు నొచ్చును, మనసు మాత్రము కదలదు. మేనల్లుడు దీనికొక సూత్రము చెప్పినాడు: ఇంటినుండి మట్టివరకు త్రొక్కవలసిన తారు, ఆపై దొరకు మట్టికంటె నెక్కువ కారాదు. పీఠిక గ్రంథమును మించరాదని నేను దానిని తెనిగించితిని. కారు వెనుక సైకిలును గట్టుకొని పోవు సంపన్నులకీ నియమము వర్తింపదు. వారు పీఠికను చదువక పుటలు త్రిప్పువారు.

ఇంతకు నీ పడమటి దిక్కున మట్టి యేల మిగిలినది? 1908 మూసీ వరదలో నగరము కొట్టుకొనిపోయిన పిదప ఉస్మాన్ సాగర్ 1920లోను, హిమాయత్ సాగర్ 1927లోను నిర్మితములైనవి. ఆ రెండు జలాశయముల నీరు చెడకుండుటకై 1996లో వెలువడిన 111వ జీ.ఓ. చుట్టుపట్ల 84 గ్రామములలో కట్టడములకు పగ్గము వేసెను. ఆ యుత్తరువు వ్రాసినవారి మనస్సున సైకిలు గాని, నా మేనల్లుడు గాని లేరు. త్రాగునీటికై గీచిన గీతలోపల బీళ్ళు బీళ్ళుగా, బండిజాడలు బండిజాడలుగా నిలిచిపోయినవి. 2022లో ప్రభుత్వమా నిర్బంధములను సడలించుచు మరియొక యుత్తరువిచ్చెను. మరుసటి యేట, ఆ గీతకు వెలుపల, కోకాపేటలో ఎకరము నూరు కోట్లకు పైబడి వేలమున బోయినది. నూరు కోట్ల యెకరముమీద మట్టిబాట యుండదు. కంచ గచ్చిబౌలి మాటయు నిచ్చటనే చెప్పవలెను. కంచ యనగా పశువుల మేతకు విడిచిన బీడు. 1974లో కేంద్రీయ విశ్వవిద్యాలయము పుట్టినపుడు దాని క్రిందికి వచ్చిన రమారమి 2,300 ఎకరముల యావరణలో చెరువులు, బండలు, కాలిబాటలు కాలక్రమమున నెట్లు తరిగినవో పెద్దలెరుగుదురు. 2025లో నచ్చటనే 400 ఎకరములపై బుల్డోజర్లు దిగి, విద్యార్థులు రోడ్డెక్కి, ఏప్రిలులో సుప్రీంకోర్టు చెట్ల నరుకుడు నాపుమనుటయు అందరు నెరిగినదే.

మైళ్ళు గొలుచు. కిలోమీటర్లనక మైళ్ళనుటకు గారణమేమి? యతి. "మట్టి"కి "మైళ్ళు" చెల్లినట్లు "కిలోమీటరు" చెల్లదు. దశాంశమానము దేశమునకు వచ్చి తరములు గడచినను ఛందస్సునకింకను రాలేదు.

ఈ పద్యమునకు ప్రాణము "కొలుచు" అను క్రియయందున్నది. కొలుచుట యనగా పరిమాణము చూచుట. కొలుచుట యనగా సేవించుట, ఆరాధించుట. కవి యెరిగి వ్రాసెనో యెరుగక వ్రాసెనో; ఎరుగకయే యని నా నమ్మకము. మొదట నతడు ఫోనులోని పటముమీద వ్రేలు పెట్టి, ఈ యపార్టుమెంటునుండి నాలుగు కిలోమీటర్లు, ఆ యపార్టుమెంటునుండి ఆరున్నర, యని కొలుచుచుండెను. పిదప దూరము కంటె కాలము ముఖ్యమని తెలిసికొనెను. తెల్లవారుజామున నైదింటికి పదునైదు నిమిషముల త్రోవ, ఎనిమిదింటికి తిరిగి వచ్చునప్పుడు కంపెనీ బస్సుల నడుమ నలువది యైదు నిమిషములగును గదా. రెండవ వారమున గేట్లు లెక్కించెను. ఎందుకనగా పటమున గనబడు బాట యొకచో గేటెడ్ కమ్యూనిటీ గోడలో దూరి యావలి ప్రక్క తేలును. మూడవ వారమున, రాత్రి పదకొండింటికి దీపమార్పి, ఎవరో మునుపు త్రొక్కిన దారుల ఎఱ్ఱగీతలను ఫోనున జూచుచు నేమియు మాటాడక కూర్చుండెను. మా అక్క, అనగా వాని తల్లి, చాటునుండి చూచి, "వీడు ఇల్లు వెతుకుతున్నాడా, జపం చేస్తున్నాడా?" అని నన్నడిగినది. అది శ్లేషాలంకారమని చెప్పితిని. "అలంకారం సంగతి తర్వాత, ముందు ఆ వంటగదికి కిటికీ ఉందేమో చూడరా" అన్నది.

లిఫ్టు. ఆధునిక సైకిలు చక్రము వ్యాసము 29 అంగుళములు, హ్యాండిలు వెడల్పు రెండున్నర అడుగులు, పొడవు ఆరడుగులు. లిఫ్టు లోతు నాలుగడుగులు. కాబట్టి సైకిలును వెనుకచక్రముమీద నిలువున లేపి, గుర్రము ముంగాళ్ళెత్తినట్లు పట్టుకొని నిలువవలెను. మేము చూచిన యైదవ యింట ప్రయోగము చేసితిమి. పైయంతస్తునుండి కూరల సంచితో దిగుచున్న యొక యిల్లాలు తలుపు తెరచుకొనగానే మమ్ము జూచి, మరల పైకే పోయెను.

చక్రములకు. ఈ జాతి సైకిలు పుట్టుక అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమునందలి మారిన్ కౌంటీ, టమాల్పయస్ పర్వతప్రాంతము. 1976 అక్టోబరు 21న ఫేర్‌ఫాక్సు ఊరి దగ్గర కొందరు యువకులు, వయసు చెల్లిన దళసరి టైర్ల సైకిళ్ళతో, రెండు మైళ్ళలో దాదాపు 1,300 అడుగులు దిగజారు మట్టిదారిన బందెము వేసికొనిరి. పెడలు వెనుకకు త్రొక్కిన బిగియు బ్రేకులవి. ఒక్క దిగుడుతో వేడెక్కి లోపలి గ్రీజంతయు పొగయై పోవుటచే ప్రతిమారు విప్పి గ్రీజు కూరవలసి వచ్చెను. కూరుట యను నర్థమున ఆ పందెమునకు "రీప్యాక్" అని పేరయ్యెను. వారిలో గ్యారీ ఫిషరు, చార్లీ కెల్లీ యనువారు 1979లో ఇట్టి సైకిళ్ళను చేయించి యమ్మిరి. 1996 అట్లాంటా ఒలింపిక్సునాటి కిది పతకములిచ్చు విద్య యయ్యెను. వ్యాఖ్యాతకు ముఖ్యమైన దేమనగా, ఆ యువకులలో నెవ్వరును బాటకై యిల్లు వెదకినవారు గారు. కొండ యొడిలో కాపురమున్నవారికి చేతికందిన తుక్కుసైకిలు కొండసైకిలయ్యెను. మనవాడు సైకిలు కొని కొండను వెదకుచున్నాడు. కార్యకారణ విపర్యయము.

బురద. పుణ్యమని కవి యనుట అతిశయోక్తి. బురదలో భేదములు గలవు. రాయి చివికి యేర్పడిన మొరము నేలమీద వాన వెలిసిన కొంతసేపటికే నీరింకి, టైరు పట్టు కుదురును, ఇది పుణ్యము. చేవెళ్ళ, శంకరుపల్లి వైపు నల్లరేగడి తడిసినచో చక్రమునకు చుట్టుకొని, ఫోర్కులో నిండి, గేర్లను మ్రింగి, తుదకు సైకిలే మనిషినెక్కి యింటికి వచ్చును. ఇది పూర్వజన్మ కర్మ. పైగా తడిబాటను త్రొక్కినచో గాడులు పడి, ఎండిన పిమ్మట వెనుక వచ్చువానిని పడద్రోయునని ఈ విద్యలో పెద్దలు నిషేధించిరి. బురద యెండిన కాలమున పల్లేరుకాయలును, సర్కారు తుమ్మముండ్లును సిద్ధముగా నుండును. అందుచేతనే ట్యూబు మాని, టైరులో పాలవంటి జిగురు పోసికొందురు. ముల్లు దిగినచోట జిగురు తానే గడ్డకట్టి రంధ్రమును మూయును. ఈ సదుపాయము అద్దె యొప్పందములకు లేదు.

తాత్పర్యము

గుట్ట ప్రక్కన నిల్లు కావలసినవాడు బాటకు దూరము చూచును, లిఫ్టు చూచును, బురదను మెచ్చుకొనును.

విశేషములు

తుదకు ఇల్లు దొరకినది, మంచిరేవుల వైపు, మొదటి యంతస్తున. లిఫ్టు లేదు గనుక పద్యమున మూడవ పాదము వ్యర్థము. వంటగదికి కిటికీ గలదు. దానినుండి చూచిన, ఖాళీ ప్లాట్ల నడుమ, సీతాఫలపు పొదల ప్రక్కనుండి ఎఱ్ఱని మట్టిబాట సాగిపోవుచున్నది. మేనల్లుడు దానిని జూచి బేరమాడుట మరచెను. ఒప్పందమున సైకిలును బాల్కనీలో కడుగరాదని యొక వాక్యము చేర్చిరి, ఒప్పుకొనెను. సంతకములైన పిమ్మట ఓనరుగారు మమ్ము కిటికీ దగ్గరకు బిలిచి, మిక్కిలి వాత్సల్యముతో, "ఈ మట్టి గురించి దిగులు పెట్టుకోకండి. సంక్రాంతికల్లా ఆ చివరిదాకా సీసీ రోడ్డు పడిపోతుంది. మీరు అదృష్టవంతులండీ!" అని మేనల్లుని భుజము తట్టెను. వాడు నా వంక జూచి, "మామయ్యా" అని యూరకుండెను.

ఆ రాత్రి శుద్ధప్రతి వ్రాయుచు, మొదటి పాదమున "చె" యను నక్షరముమీది ఎత్వమును గీకివైచి, గుడి పెట్టితిని.