తరబేతి భాగ్య

మా కర్ణాటకలో పేదవాడికి భాగ్యాల కరువు లేదు. 2013లోనే బియ్యానికి అన్న భాగ్య, పాలకు క్షీర భాగ్య వచ్చాయి. గెజెట్టుకెక్కని భాగ్యం మరొకటుంది. కోలారు జిల్లా అంగన్‌వాడీ టీచరమ్మలకు అది ఎడతెరిపి లేకుండా అందుతోంది. పేరు తరబేతి భాగ్య. తరబేతి అంటే శిక్షణ. దీనికి రేషన్ కార్డు అడగరు. వద్దన్నా పిలిచి మరీ ఇస్తారు.

ఢిల్లీ పెద్దలు బెంగళూరు పెద్దలకు నేర్పుతారు. వాళ్లు జిల్లావాళ్లకు, జిల్లావాళ్లు సూపర్‌వైజర్లకు, సూపర్‌వైజర్లు టీచరమ్మలకు. 2023 మే నెలలో కేంద్రం మొదలుపెట్టిన అంగన్‌వాడీ చదువుల కార్యక్రమం ‘పోషణ్ భీ పఢాయీ భీ’ కూడా ఈ మెట్ల మీదుగానే కిందికి దిగింది. పైన శిశు మనస్తత్వ శాస్త్రంగా బయలుదేరిన పాఠం, కోలారు జిల్లా ముళబాగిలు చేరేసరికి “ఈ బటన్ నొక్కండి, గ్రీన్ టిక్ వస్తుంది” అన్న రెండు ముక్కల దగ్గర స్థిరపడుతుంది. తెర మీద ఇంగ్లీషు, మైకులో కన్నడ. టీచరమ్మ సందేహం మాత్రం పక్క కుర్చీలో కూర్చున్నామె చెవిలో, తెలుగులో: “అక్కా, టిక్కు రాకుంటే ఏం చేయాల?”

ఆ టిక్కు కథ కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో చూడాలి. 2025 జులై 1 నుంచి ఇంటికిచ్చే పోషకాహారం పొట్లం చేతికి రావాలంటే, పోషణ్ ట్రాకర్ యాప్ తల్లి ముఖాన్ని గుర్తుపట్టాలి. టీచరమ్మ ఆమెను కాన్పునాటి నుంచీ ఎరుగును. అది చాలదు. “వెలుతురు పక్కకు రామ్మా. కళ్లు ఆర్పు.” ఆర్పింది. ఇప్పుడు ఓటీపీ రావాలి. ఆధార్‌కు కట్టిన నంబరు మొగుడిది. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతబడ్డాక ఈ గని కార్మికుల లైన్లలో మొగుళ్లు చాలామంది తెల్లారకముందే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు పోతారు. ఓటీపీ కూడా ఆ జేబులోనే ప్రయాణం చేస్తుంది. కిక్కిరిసిన పెట్టెలో ఆయన ఫోను బయటికి తీసేలోపు గడువు తీరుతుంది. “కేఆర్ పురంలో దిగి చెప్తాలే అక్కా, ఈడ సిగ్నల్ లేదు.”

సిగ్నలంటే గుర్తొచ్చింది. ఇదే ఊళ్లో గనిలో మూడు కిలోమీటర్ల లోతున గంట కొడితే పైన కేజ్ (గని లిఫ్టు) నడిపేవాడికి అర్థమయ్యేది. ఇప్పుడు నేల మీద నిలబడి ఫోను ఆకాశానికెత్తినా టవర్‌కు అర్థం కాదు.

నెలాఖరుకు నివేదిక వెళ్తుంది. ముఖాలు సరిపోయినవి తక్కువ. కారణం: సిబ్బందికి అవగాహన లోపం. పరిష్కారం: పునశ్చరణ తరబేతి. తరబేతికి పోయిన రోజు టీచరమ్మ కేంద్రంలో ఉండదు కాబట్టి ఆ నెల ముఖాలు మరిన్ని తగ్గుతాయి. కాబట్టి మరో తరబేతి. ఇంత చక్కగా తిరిగే చక్రం సర్కారులో ఇంకోటి లేదు.

ఇక పై మెట్టువాళ్ల చదువు సంగతి. రాష్ట్ర ఉద్యోగులు కంప్యూటర్ పరీక్ష పాసవ్వాలని 2012లో నిబంధన పెట్టారు. దాని గడువును పొడిగిస్తూ, పొడిగిస్తూ పదేళ్లు దాటించారు. దయగల ప్రభుత్వం! ఉద్యోగి గడువు ఏళ్ల తరబడి సాగుతుంది, టీచరమ్మ ఓటీపీ గడువు మాత్రం సాగదు.

అసలామె ఉద్యోగేనా? తరబేతికి రమ్మన్నప్పుడు ఉద్యోగి. జీతం అడిగినప్పుడు గౌరవ సేవకురాలు. గ్రాట్యుటీ చట్టం వీళ్లకూ వర్తిస్తుందని చెప్పడానికి 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు పూనుకోవాల్సి వచ్చింది. 2018 అక్టోబరులో కేంద్రం లెక్క ప్రకారం ఆమె గౌరవ వేతనం నెలకు 4,500 రూపాయలయింది. రాష్ట్రం పైన కొంత వేస్తుంది. ఆ తర్వాత ఏడేళ్లలో యాప్‌లు మారాయి, వాటి వెర్షన్లు మారాయి. కేంద్రం అంకె ఉన్నచోటు నుంచి కదల్లేదు. దానికెవరూ తరబేతి ఇవ్వలేదు మరి.

అందుకని సర్కారువారికి సవినయ మనవి. ఇంత గొప్ప కార్యక్రమాన్ని టీచరమ్మలతో ఆపేయడం అన్యాయం. మొబైల్ టవర్లకు రెండు రోజుల వర్క్‌షాప్ పెట్టండి. అంగన్‌వాడీ గుడ్ల బిల్లు మంజూరయ్యేదాకా అప్పు మీద గుడ్డు పెట్టడమెలాగో జిల్లా కోళ్లకు ఒక పూట నేర్పండి. ఆర్థిక శాఖకు పెద్ద కోర్సు అక్కర్లేదు, డబ్బు జమచేసే బటన్ ఎక్కడుందో చూపిస్తే చాలు. అది నొక్కడం రాకుంటే మా టీచరమ్మలు వచ్చి నేర్పుతారు. బటన్లు నొక్కడంలో ఈపాటికి వాళ్లను మించినవాళ్లు లేరు. మధ్యాహ్నం క్యారియర్ మాత్రం దొరలు ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.